ఫైలు కళ్లెదుటే ఉంది, పైథాన్ మాత్రం జాబితాలో లేదంటోంది

మిణుగురు (శనివారం, ఉదయం 9:40)

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక్క చోటే ఆగిపోయాను, దయచేసి ఎవరైనా చూడండి.

మేం పది పన్నెండు మందిమి కలిసి ఊరూరా తిరిగి పెద్దవాళ్ల దగ్గర నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు రికార్డు చేస్తున్నాం. ఊరికొక ఫైలు. ఫైలుకి ఊరి పేరే పేరు, అదీ తెలుగులోనే. మొత్తం 312 ఊళ్ల పట్టిక ఎక్సెల్‌లో ఉంది, దాన్ని యూటీఎఫ్-8 సీఎస్‌వీగా (తెలుగు అక్షరాలు నిలిచే సాదా పట్టిక ఫైలు) సేవ్ చేశాను. రికార్డింగులన్నీ మా బాబాయి తన పాత మ్యాక్‌లో ఒకచోట చేర్చి, జిప్ చేసి పంపాడు. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో విప్పుకున్నాను. ఇంకా ఏ ఊళ్ల పాటలు రాలేదో తేల్చాలి, అంతే నా పని.

ఫోన్‌లోంచి రాస్తున్నాను కాబట్టి కోడ్‌ని పలికేటట్టు రాస్తున్నా:

ఫర్ ఊరు ఇన్ ఊళ్లు:
    ఇఫ్ ఊరు నాట్ ఇన్ ఫైళ్లు:
        ప్రింట్(ఊరు)

"ఊళ్లు" అంటే సీఎస్‌వీ నుంచి చదివిన జాబితా. "ఫైళ్లు" అంటే ఫోల్డర్‌లోని పేర్ల జాబితా, చివరి ఎంపీత్రీ తోక కోసేశాను. ఇది నడిపితే 31 ఊళ్లు రాలేదని చెబుతోంది. అందులో మైలవరం ఉంది. ఫోల్డర్ తెరిస్తే మైలవరం ఫైలు కనిపిస్తోంది, నొక్కితే పాట వినిపిస్తోంది. కైకలూరు కూడా అంతే. తప్పెక్కడుందో అర్థం కావడం లేదు.

పల్నాటి_పైథాన్ (ఉదయం 9:58)

మిణుగురు గారూ, పేరుకి ముందో వెనకో ఖాళీ గానీ, లైను చివరి గుర్తు గానీ అంటుకుని ఉంటుంది. పది సార్లలో తొమ్మిది సార్లు అదే. రెండు వైపులా స్ట్రిప్ చేసి, అంటే అంచుల్లోని ఖాళీలు తీసేసి చూడండి. ఆ తర్వాత లేవన్న పేర్లని మామూలుగా ప్రింట్ చెయ్యకుండా రెపర్ ఫంక్షన్‌లో పెట్టి ప్రింట్ చెయ్యండి. కంటికి కనపడనివి కొన్ని అక్కడ బయటపడతాయి.

మిణుగురు (ఉదయం 10:15)

రెండు వైపులా స్ట్రిప్ చేశాను, 31 అలాగే ఉంది. రెపర్ పెడితే మాత్రం ఒకటి తేలింది. పట్టికలో మొట్టమొదటి ఊరు అంబాజీపేట. దాని ముందు వెనక్కి వాలిన గీత, యు, ఎఫ్ఈఎఫ్ఎఫ్ అని ఏదో వస్తోంది. మిగతా 30 పేర్లకి ముందూ వెనకా ఏమీ కనపడటం లేదు.

పల్నాటి_పైథాన్ (ఉదయం 10:21)

ఒకటి దొరికింది. ఎక్సెల్ సీఎస్‌వీని యూటీఎఫ్-8గా సేవ్ చేసేటప్పుడు ఫైలు మొదట్లో ఒక గుర్తు పెడుతుంది. బైట్ ఆర్డర్ మార్క్ అంటారు, దాని సంఖ్య 65279. అది మీ మొదటి ఊరికి అంటుకుపోయింది. పైథాన్ లెక్కలో అది ఖాళీ కాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 బదులు "యూటీఎఫ్-8-సిగ్" అని రాయండి, పోతుంది.

మిణుగురు (ఉదయం 10:30)

పోయింది! అంబాజీపేట దొరికింది. ఇక 30.

సీమ_కోడర్ (ఉదయం 10:44)

అక్కా, అసలు జాబితాలో వెతకడమే తప్పు. "ఫైళ్లు"ని సెట్ చేసేయ్. జాబితాలో ఇన్ అంటే మొదటి నుంచి చివరిదాకా ఒక్కోటీ తిప్పి చూస్తుంది. సెట్ అయితే హ్యాష్ లెక్కగట్టి నేరుగా ఆ గది దగ్గరికే పోతుంది. నేను ఎప్పుడూ సెట్టే వాడతాను.

జావా_గోదారి (ఉదయం 10:52)

తమ్ముడూ, నువ్వు చెప్పింది వేగం సంగతి. ఆవిడ అడిగింది సరైన జవాబు సంగతి. 312 ఊళ్లని 312 పేర్లతో పోల్చినా లక్ష పోలికలు కూడా దాటవు, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుందండి. అదే రెండు లక్షల పేర్లని రెండు లక్షలతో పోల్చాలంటే 4,000 కోట్ల పోలికలు. అప్పుడు సెట్ తప్పదు, ఒప్పుకుంటాను. కానీ జాబితాలో సమానం కాని రెండు పేర్లు సెట్‌లోకి వెళ్లినంత మాత్రాన సమానం అయిపోవు కదా.

సీమ_కోడర్ (ఉదయం 10:57)

నిజమే అన్నా. తొందరపడినాను.

అఆలు_నేర్చుకుంటూ (ఉదయం 11:05)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను పైథాన్ మొదలుపెట్టి మూడు వారాలైంది. ఇన్ అంటే లోపల అసలు ఏం చేస్తుంది? నేనైతే "ఇఫ్ ఊరు ఈక్వల్స్ గుంటూరు ఆర్ తెనాలి" అని రాస్తే ప్రతి ఊరికీ అవుననే వస్తోంది.

పాత_పంతులు (ఉదయం 11:48)

చిరంజీవీ, ముందు నీ ప్రశ్న. నువ్వు రాసినదాన్ని పైథాన్ రెండు ముక్కలుగా చదువుతుంది. "ఊరు గుంటూరుతో సమానమా" అన్నది మొదటిది. "తెనాలి" అన్నది రెండోది. అక్షరాలున్న ఏ మాటైనా దానంతట అది నిజం కిందే లెక్క. అందుకే ప్రతిసారీ అవుననే వస్తుంది. "ఊరు ఇన్" అని రాసి, గుంటూరునీ తెనాలినీ కుండలీకరణాల్లో పెట్టు.

ఇన్ లోపలి పని ఇది. జాబితాలో మొదటి వస్తువు దగ్గర నిలబడి రెండు ప్రశ్నలు వేస్తుంది. ఇది, నేను వెతికేది ఒకే వస్తువా? కాకపోతే, రెండూ సమానమా? ఏ ఒక్కదానికి అవునని వచ్చినా అక్కడే ఆగిపోతుంది. కాదంటే పక్కదానికి పోతుంది. చివరిదాకా పోయినా దొరక్కపోతే లేదంటుంది. కాబట్టి ఉన్నదాన్ని వెతకడం కన్నా లేనిదాన్ని వెతకడానికే ఎక్కువ సమయం పడుతుంది.

"సమానమా" అన్న ఆ రెండో ప్రశ్న దగ్గరే కష్టాలన్నీ. అంకె 5 ఉన్న జాబితాలో కొటేషన్లలో పెట్టిన "5"ని వెతికితే లేదు. ఫారంలో నింపింది ఎప్పుడూ అక్షరాల రూపంలోనే వస్తుంది, డేటాబేస్‌లో ఉన్నది అంకె. దీని దగ్గర ఎంతమంది విద్యార్థులు రోజంతా పోగొట్టుకున్నారో నేను చూశాను. 1, 2 ఉన్న జాబితాలో ట్రూని వెతికితే మాత్రం ఉందంటుంది, ఎందుకంటే పైథాన్‌లో ట్రూ 1తో సమానం. 0.3 ఉన్న జాబితాలో 0.1, 0.2 కలిపి వెతికితే లేదంటుంది, ఆ కూడిక 0.30000000000000004 అవుతుంది గనక.

ఇంకొకటి, నాన్ (నాట్ ఎ నంబర్, అంటే సంఖ్య కానిది) అనే విలువ. అది తనతో తానే సమానం కాదు. అయినా అదే వస్తువుని జాబితాలో వేసి అడిగితే ఉందంటుంది, "ఒకే వస్తువా" అన్న ప్రశ్న ముందు వేస్తుంది కాబట్టి. వేరేగా పుట్టించిన నాన్‌ని అడిగితే లేదంటుంది.

మిణుగురమ్మా, నీ సమస్య కూడా ఇక్కడే ఉంది. నీ కంటికి సమానమైనవి యంత్రానికి సమానం కాలేదు. ఎందుకో తేల్చాలి.

అఆలు_నేర్చుకుంటూ (ఉదయం 11:55)

ధన్యవాదాలు మాస్టారూ. నోట్సులో రాసుకున్నాను.

వెబ్_విశాఖ (మధ్యాహ్నం 12:10)

మాస్టారు చెప్పినదానికి జావాస్క్రిప్ట్ వైపు నుంచి ఒక మాట. అక్కడ ఇండెక్స్‌ఆఫ్ అని ఉంటుంది, దొరికితే స్థానం ఇస్తుంది, దొరక్కపోతే -1. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే అంతా తలకిందులే. మొదటి స్థానం 0, అది అబద్ధం కింద లెక్క. -1 నిజం కింద లెక్క. అంటే మొదట్లోనే ఉన్నది లేదంటుంది, అసలు లేనిది ఉందంటుంది. 2016 ప్రమాణంలో ఇంక్లూడ్స్ వచ్చాక ఈ బాధ తీరింది. నాన్‌ని కూడా అది పట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో కూడా ఇన్ అనే మాట ఉంది, కానీ అది విలువలు చూడదు, స్థానాల్నీ కీలనీ చూస్తుంది. పైథాన్ నుంచి వచ్చేవాళ్లు జాగ్రత్త.

ఫుల్‌స్టాక్_తెనాలి (మధ్యాహ్నం 12:18)

మిణుగురు గారూ, ఇంత ఆలోచన ఎందుకండీ. సమానమా అని అడక్కండి. ఊరి పేరు ఏ ఫైలు పేరులోనైనా *భాగంగా* ఉందా అని అడగండి. ఎనీ అని రాసి, లోపల "ఊరు ఇన్ ఫైలు ఫర్ ఫైలు ఇన్ ఫైళ్లు" అని పెట్టండి. వెనకాల ఏం అంటుకుని ఉన్నా దొరికేస్తుంది.

మిణుగురు (మధ్యాహ్నం 12:40)

అలా చేశాను. 30 కాస్తా 25 అయ్యాయి! ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్, షాద్‌నగర్, తాడేపల్లి దొరికాయి. మైలవరం, కైకలూరు ఇంకా లేవంటోంది. కానీ కాస్త ముందుకు వెళ్లాం కదా.

జావా_గోదారి (మధ్యాహ్నం 12:47)

ఆగండాగండి. తాడేపల్లి ఎక్కడ దొరికింది? ఆ ఫైలుని వెతికి ఒకసారి విని చెప్పండి. మాది తాడేపల్లిగూడెం పక్కనే, అందుకే అనుమానం వచ్చింది.

మిణుగురు (మధ్యాహ్నం 1:05)

అయ్యో. తాడేపల్లి పేరుతో ఫైలే లేదు. తాడేపల్లిగూడెం ఫైలు ఉంది. ఆ పేరులో తాడేపల్లి ఉంది కాబట్టి దొరికిందనుకుంది.

జావా_గోదారి (మధ్యాహ్నం 1:14)

అదేనండి నా భయం. ఒకటి గుంటూరు జిల్లా, ఇంకోటి పశ్చిమ గోదావరి. మన ఊళ్ల పేర్లతో ఈ పద్ధతి అసలు పనికిరాదు. పాలెం అనే ఊరుంటే కొత్తపాలెం, రామన్నపాలెం అన్నీ దానికి సాక్ష్యం చెప్పేస్తాయి.

"ఉంది కానీ లేదంటోంది" అన్న తప్పు పర్వాలేదు, అది మిమ్మల్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది. "లేదు కానీ ఉందంటోంది" అన్న తప్పు మిమ్మల్ని ఎక్కడికీ తీసుకురాదు. తాడేపల్లి పెద్దావిడ పాట రికార్డు కాకుండానే మీ పని పూర్తయినట్టు అయ్యేది. దయచేసి పాత కోడ్‌కే వెళ్లండి.

ఫుల్‌స్టాక్_తెనాలి (మధ్యాహ్నం 1:20)

క్షమించండి, ఆ కోణం నేను చూడలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పైన చదివినవాళ్లెవరూ వాడకండి.

పాత_పంతులు (మధ్యాహ్నం 2:02)

అమ్మా, పాత కోడ్‌కి వెళ్లాక ఇంకొక పని చెయ్యి. ఇప్పటిదాకా ఒకవైపు నుంచే అడిగావు: ఈ ఊరికి ఫైలు ఉందా? ఇప్పుడు తిప్పి అడుగు: ఈ ఫైలుకి ఊరు ఉందా? రెండు లెక్కలూ ఇక్కడ పెట్టు.

మిణుగురు (మధ్యాహ్నం 2:20)

30 ఊళ్లకి ఫైళ్లు లేవు. 28 ఫైళ్లకి ఊళ్లు లేవు!

పాత_పంతులు (మధ్యాహ్నం 2:26)

చూశావా. నీ పట్టిక చూసి రికార్డు చేసిన ఫైళ్లే కదా అవి, ఊరు లేని ఫైలు ఉండటానికి వీల్లేదు. ఆ 28 ఫైళ్లూ ఆ 30లో 28 ఊళ్లవే. ఒకరినొకరు గుర్తుపట్టడం లేదు, అంతే. నిజంగా రానివి రెండే అయి ఉండాలి. లేవన్న పేర్లు కొన్ని ఇక్కడ రాయి, కళ్లతో చూద్దాం.

మిణుగురు (మధ్యాహ్నం 2:41)

మైలవరం, మైదుకూరు, కైకలూరు, భైంసా, హైదరాబాద్, రైల్వే కోడూరు, జైపూర్, బైరెడ్డిపల్లె, ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్, షాద్‌నగర్, తాడేపల్లి, ఉదయగిరి... ఇలా ఉన్నాయి. మిగతావి కూడా కావాలంటే టైప్ చేస్తాను.

ఓరుగల్లు_డేటా (మధ్యాహ్నం 2:55)

అక్కా, మొదటి ఎనిమిది పేర్లు మళ్లొక్కసారి సదువు. మై, మై, కై, భై, హై, రై, జై, బై. అన్నిట్ల ఐత్వమే ఉన్నది!

మా దిక్కు ఐనవోలు ఉన్నది కదా, నీ పట్టికల ఉన్నదా? ఉంటే దొరికిందా?

మిణుగురు (మధ్యాహ్నం 3:01)

ఐనవోలు ఉంది, దొరికింది కూడా. నాకు ఒళ్లు జలదరించింది. 30లో ఐత్వం ఉన్నవి లెక్కపెట్టాను, 24 ఉన్నాయి. ఐత్వం ఉండి కూడా దొరికిన ఊరు ఒక్కటీ లేదు.

ఓరుగల్లు_డేటా (మధ్యాహ్నం 3:09)

ఐనవోలుల ఉన్నది ఐ అచ్చు, గుణింతం గుర్తు కాదు. అంటే తేడా ఆ గుర్తుతోనే. ఇప్పుడు పట్టికల మైలవరానికి లెన్ (ఎన్ని గుర్తులున్నయో చెప్పేది) ఎంతొస్తున్నదో, ఫైలు పేరుల మైలవరానికి ఎంతొస్తున్నదో చూడు. మళ్ల ఒక్కో అక్షరానికి ఆర్డ్ (దాని సంఖ్య చెప్పేది) పెట్టి అంకెలు రాయి.

మిణుగురు (మధ్యాహ్నం 3:22)

పట్టికలోది 6: 3118, 3144, 3122, 3125, 3120, 3074

ఫైలు పేరులోది 7: 3118, 3142, 3158, 3122, 3125, 3120, 3074

బెంగుళూరు_తెలుగోడు (మధ్యాహ్నం 3:50)

ఇది నాకు బాగా తెలిసిన జబ్బు, కన్నడంలో రోజూ చూస్తాం. వివరంగా చెబుతాను.

మై అని కాగితం మీద రాసి చూడండి. పైన ఎత్వం, కింద ఒక కొక్కెం. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ సంఖ్యలిచ్చే ప్రమాణం) ఈ ఐత్వాన్ని రెండు రకాలుగా రాయనిస్తుంది. ఒకటి, మొత్తం ఐత్వానికి ఒకే సంఖ్య, 3144. రెండోది, పైనున్న ఎత్వం 3142, కిందున్న కొక్కెం 3158, రెండు ముక్కలుగా. తెర మీద ఒకేలా ఉంటాయి. యూనికోడ్ నియమాల ప్రకారం కూడా ఈ రెండూ ఒకటే. పైథాన్ సమానమా అని చూసేటప్పుడు మాత్రం సంఖ్యల వరసే చూస్తుంది, ఆరుకి ఏడు ఎలా సమానం అవుతుంది?

మన తెలుగులో ఇలా ముక్కలయ్యే గుణింతపు గుర్తు ఐత్వం ఒక్కటే. ఔత్వానికి కూడా ఈ గొడవ లేదు. కన్నడంలో ఈత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఐదూ ముక్కలవుతాయి. అందుకే ఇక్కడివాళ్లకి ఇది తొందరగా తగులుతుంది. తెలుగు పేర్లలో ఐత్వం తక్కువే కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ కనపడకుండా నడిచిపోతుంది.

విడిపోయింది ఎక్కడంటారా, బాబాయి గారి పాత మ్యాక్ దగ్గర. 1998లో వచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ పేర్లని కావాలనే విడగొట్టి దాచుకుంటుంది, అందరూ ఒకే పద్ధతిలో ఉండాలని. అది తప్పేమీ కాదు, యూనికోడ్ ఒప్పుకున్న రూపమే. 2017 నుంచి వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచుతుంది. పాతదాంట్లో జిప్ చేస్తే విడగొట్టిన పేర్లే జిప్‌లోకి వస్తాయి, మీ విండోస్ వాటిని అలాగే ఉంచుతుంది. కొరియా వాళ్ల ఫైలు పేర్లయితే ఇలా వచ్చినప్పుడు అక్షరాలు విడివిడిగా తెర మీదే కనపడతాయి, వాళ్లకి వెంటనే తెలుస్తుంది. మనకి కనపడదు.

మందు ఒక లైను. యూనికోడ్‌డేటా మాడ్యూల్ తెచ్చుకుని, రెండు జాబితాల్లోని ప్రతి పేరునీ నార్మలైజ్ ఫంక్షన్‌లో "ఎన్ఎఫ్‌సీ" అని చెప్పి పంపండి. ముక్కలు కలిసిపోతాయి. ఒకవైపే చేసి వదలకండి, ఈరోజు పట్టిక బాగుంది, రేపు ఎవరో మ్యాక్ నుంచి పేరు కాపీ చేసి పట్టికలో పెడతారు.

పల్నాటి_పైథాన్ (సాయంత్రం 4:02)

నేను ఒకటి సరిదిద్దుకోవాలి. రెపర్ పెడితే కనపడనివి బయటపడతాయన్నాను. బైట్ ఆర్డర్ మార్క్ బయటపడింది గానీ ఈ కొక్కెం బయటపడలేదు. రెపర్ ముద్రించదగిన అక్షరాలని అలాగే వదిలేస్తుంది, కొక్కెం ముద్రించదగినదే. ఆస్కీ అనే ఫంక్షన్ ఉంది, అది ఆంగ్ల అక్షరాలు కానివన్నీ సంఖ్యలుగా మార్చి చూపిస్తుంది. తెలుగు పేర్లకి ఇక నేను అదే చెబుతాను.

మిణుగురు (సాయంత్రం 4:15)

ఎన్ఎఫ్‌సీ చేశాను. 30 కాస్తా 6 అయ్యాయి! ఓరుగల్లు తమ్ముడూ, బెంగుళూరు అన్నా, మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మిగిలినవి ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్, షాద్‌నగర్, తాడేపల్లి, ఉదయగిరి.

ఓరుగల్లు_డేటా (సాయంత్రం 4:24)

మొదటి నాలుగు పేర్లు పొల్లుతో అయిపోతున్నయి చూడు. ఆ ఫైలు పేర్ల చివర ఆర్డ్ పెట్టు. 8204 ఉంటదని నా అంచనా.

మిణుగురు (సాయంత్రం 4:31)

నాలుగింటికీ చివర 8204 ఉంది. ఏమిటది?

ఓరుగల్లు_డేటా (సాయంత్రం 4:52)

షాద్‌నగర్ అని రాసేటప్పుడు ద పొల్లుకి న ఒత్తు తగలకుండ నడుమ ఒక కనపడని అక్షరం పెడతరు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు. నడుమ ఉంటే అది పని చేసే అక్షరమే, తీసేస్తే షాద్నగర్ అయి సదవరాకుంట అయితది. చివర ఉంటే మాత్రం ఏం పని లేదు. ఎవరో ఆదిలాబాద్‌లో, జహీరాబాద్‌లో అని రాసిన కాడి నుంచి కాపీ చేసుకుని, "లో" కొట్టేసి ఉంటరు. కనపడని అక్షరం అక్కడ్నే మిగిలిపోయింది.

స్ట్రిప్ దీన్ని తియ్యది, ఎన్ఎఫ్‌సీ కూడ తియ్యది. రీప్లేస్‌తోని నువ్వే తియ్యాలె. అసలు పేర్లని మాత్రం ముట్టకు. పోల్చేటందుకు వేరే ఒక రూపం తయారు చేసుకో. దాంట్ల నడుమ ఉన్నది, చివర ఉన్నది అన్నీ తీసెయ్యి, రెండు దిక్కులా ఒక్కతీర్గ. చూపించేటప్పుడు అసలు పేరే చూపించు.

సీమ_కోడర్ (సాయంత్రం 5:03)

ఆ రూపానికి ఒక చిన్న ఫంక్షన్ రాసి పెట్టుకో అక్కా, "తాళం" అని పేరు పెట్టు. పైథాన్ 3లో ఫంక్షన్లకి, వేరియబుళ్లకి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. లోపల వరసగా ఎన్ఎఫ్‌సీ, ఆ 8204 తీసివేత, చివరగా స్ట్రిప్. అప్పుడు "తాళం(ఊరు)" ఉందా అని అడుగు. ఇప్పుడు సెట్ వాడితే బాగుంటుంది, ఫైళ్ల తాళాలన్నీ ఒక్కసారి చేసి సెట్‌లో పెట్టుకుంటే ప్రతి ఊరికీ మళ్లీ మళ్లీ చెయ్యనక్కరలేదు.

డేటాబేస్_మెహదీపట్నం (సాయంత్రం 5:20)

ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది, ఎవరైనా రేపు ఇదే పని ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) చేస్తారేమోనని. "రాని ఊళ్లు ఇవ్వు" అని అడగడానికి నాట్ ఇన్ రాస్తాం. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా సరే, ఒక్క వరస కూడా రాదు. నల్ అంటే తెలియదు అని అర్థం. ఆ తెలియనిది మన ఊరే అయి ఉండొచ్చు కదా అన్నట్టు, ఏ ఊరినీ లేదని చెప్పదు. ఖాళీ జవాబు చూసి అన్నీ వచ్చేశాయని అనుకుంటాం. నేను పనిచేసిన ఒకచోట ఈ ఖాళీ నివేదికని నమ్మి మూడు నెలలు కొందరికి ఉత్తరాలే పంపలేదు. అప్పటి నుంచి నాట్ ఎగ్జిస్ట్స్ తప్ప వేరేది రాయను.

ఎక్సెల్‌లో కౌంటిఫ్ (ఒక విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టేది) వాడేవాళ్లకి కూడా ఒక మాట. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా సంఖ్యల్ని టెక్స్ట్‌గా దాచినా కౌంటిఫ్ వాటిని అంకెలుగానే చూస్తుంది, 15 తర్వాతివి లెక్కలోకి రావు. చివరి అంకె మాత్రమే వేరుగా ఉన్న రెండు 16 అంకెల ఖాతాలు ఒకటే అంటుంది.

మిణుగురు (సాయంత్రం 5:45)

తాళం ఫంక్షన్ రాశాను. ఇప్పుడు రెండే వస్తున్నాయి: తాడేపల్లి, ఉదయగిరి. తిప్పి అడిగితే ఊరు లేని ఫైలు ఒక్కటీ లేదు. మాస్టారు మధ్యాహ్నమే రెండని చెప్పారు! ఇక పని అయిపోయినట్టేనా?

పాత_పంతులు (సాయంత్రం 6:10)

ఒక్క లెక్క మిగిలింది తల్లీ. ఫోల్డర్‌లో మొత్తం ఎన్ని ఫైళ్లు?

మిణుగురు (సాయంత్రం 6:14)

309 మాస్టారూ.

పాత_పంతులు (సాయంత్రం 6:22)

పట్టికలో 312. రానివి రెండైతే ఫైళ్లు 310 ఉండాలి. ఇంకొకటి ఏదీ? పట్టికలో ఒకే పేరు రెండుసార్లు ఉందేమో చూడు. కలెక్షన్స్ మాడ్యూల్‌లో కౌంటర్ ఉంటుంది, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఇన్ అనేది ఉందా లేదా అంటుందే గానీ ఎన్ని ఉన్నాయో చెప్పదు.

మిణుగురు (సాయంత్రం 6:40)

కొత్తపల్లి రెండుసార్లు ఉంది. ఒకటి కాకినాడ జిల్లాది, ఇంకోటి కరీంనగర్ జిల్లాది. రెండూ వేరు వేరు వరసలు, నేనే ఎక్కించాను. ఫైలు మాత్రం ఒక్కటే ఉంది. విన్నాను, కరీంనగర్ యాస. అంటే కాకినాడ వైపుది పోయింది. రెండింటికీ ఒకే పేరు కాబట్టి ఒకచోట చేర్చినప్పుడు ఒకదాని మీద ఇంకోటి పడిపోయి ఉంటుంది.

ఆ పాట పాడినావిడకి ఎనభై దాటాయి. చేతులు వణుకుతున్నాయి నాకు.

జావా_గోదారి (సాయంత్రం 6:44)

కంగారు పడకండి. రికార్డు చేసిన మనిషి ఫోన్‌లో అసలు ఉంటుంది, వెంటనే ఫోన్ చెయ్యండి. ఆ ఫోన్‌లోంచి ఏదీ తీసెయ్యొద్దని ముందు చెప్పండి.

మిణుగురు (రాత్రి 7:30)

ఉంది! ఆమె ఫోన్‌లో అలాగే ఉంది, పద్నాలుగు నిమిషాల పాట. ఇప్పుడే పంపింది, విని పెట్టుకున్నాను.

పట్టికలో జిల్లా, మండలం, ఊరు మూడు గడులు చేస్తున్నాను. ఫైలు పేరులో కూడా మూడూ ఉంటాయి. పోల్చేటప్పుడు మూడింటి తాళాలని కలిపి ఒక టపుల్‌గా (కొన్ని విలువల వరస) పెట్టి వెతుకుతాను. కొత్తపల్లులు ఇంకా ఎన్ని వచ్చినా విడివిడిగా ఉంటాయి. తాడేపల్లికి వచ్చే ఆదివారం నేనే వెళ్తున్నాను. ఉదయగిరి వైపు మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు, అక్కడి పని ఎలా చెయ్యాలో ఆలోచించాలి.

అఆలు_నేర్చుకుంటూ (రాత్రి 7:52)

అక్కా, మాది ఉదయగిరే. మా మేనత్త నాట్లప్పుడు ముందు నిలబడి పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఇప్పుడు పొలానికి పోవడం లేదు గానీ గొంతు బాగానే ఉంది. పొద్దున అడిగి చెబుతాను. ఫోన్‌తో రికార్డు చేస్తే చాలా, లేక మైకు కావాలా?

మిణుగురు (రాత్రి 7:58)

ఫోన్ చాలు తమ్ముడూ. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఫోన్‌ని ఆవిడకి జానెడు దూరంలో ఒక గుడ్డ మీద పెట్టు. పాటకి ముందు ఆవిడ పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిడ నోటితోనే చెప్పించు. ఫైలు పేరు నెల్లూరు జిల్లా, ఉదయగిరి మండలం, ఉదయగిరి అని పెట్టి పంపు.